డ్రమ్ము లేని టాంగోలోకి యంత్రం వచ్చినప్పుడు

1940ల నాటి టాంగో రికార్డు ఒకటి పెట్టి వింటే కాలు దానంతట అదే అడుగు వేయబోతుంది. దరువు అంత స్పష్టంగా వినిపిస్తుంది. కానీ ఆ దరువు ఎవరు వేస్తున్నారా అని వెతికితే డ్రమ్ము ఎక్కడా దొరకదు. సుమారు 1935 నుంచి 1955 వరకు సాగిన టాంగో స్వర్ణయుగంలో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్ డాన్సు హాళ్లను నింపిన వాద్యబృందాన్ని ఓర్కెస్తా తీపికా అంటారు. అందులో ఉండేవి గాలితిత్తితో పలికే బాండోనియన్లు, వయొలిన్లు, ఒక పియానో, ఒక డబుల్ బాస్. తాళం పట్టే పని ఏ ఒక్కరికీ అప్పగించలేదు. వాయించేవాళ్లంతా కలిసే పడతారు.

ఎలక్ట్రానిక్ సంగీతం సరిగ్గా రెండో చివర నుంచి మొదలవుతుంది. అక్కడ అన్నిటికన్నా ముందు కంప్యూటర్లో బీట్ పుడుతుంది. మిగతావన్నీ దాని మీద ఒక్కొక్కటిగా వచ్చి కూర్చుంటాయి. బీట్ ఎవరి కోసమూ ఆగదు, ఎవరి మాటా వినదు.

ఈ రెండిటినీ కలపడం అనగానే ఎక్కువమందికి తోచేది శబ్దాల కలయిక. కింద డ్రమ్ మెషీన్, పైన బాండోనియన్ విషాదం, మధ్యలో ఒక స్పానిష్ గొంతు. ఈ లెక్కన తయారైన పాటలు లెక్కలేనన్ని వచ్చాయి, హోటల్ లాబీల్లోనూ కాఫీ షాపుల్లోనూ మోగి వెళ్లిపోయాయి. అసలు చిక్కు శబ్దంలో లేదు, కాలప్రమాణంలో ఉంది. తాళం ఎవరి చేతిలో ఉండాలి? 2000 తర్వాత వచ్చిన ఎలక్ట్రోటాంగోలో ఏది నిలిచిందో, ఏది నిలవలేదో ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలావరకు తేలిపోతుంది.

ముందు పాత పద్ధతి ఎలా పనిచేస్తుందో చూడాలి. టాంగోలో మూల దరువుని మార్కాతో అంటారు. పియానో ఎడమ చెయ్యి, డబుల్ బాస్, బాండోనియన్లు కలిసి నాలుగు దెబ్బల్నో, లేదా వాటిలో మొదటిదాన్నీ మూడోదాన్నో నొక్కి చెబుతాయి. అయితే ఆ దెబ్బ సుత్తి దెబ్బలా ఠక్కున పడదు. బాస్ వాయించేవాడు దెబ్బకి కాస్త ముందే కమానుని తీగ మీద ఈడ్వడం మొదలుపెడతాడు, ఆ ఈడ్పు పెరిగి పెరిగి దెబ్బ దగ్గర తెగుతుంది. దీన్ని అర్రాస్త్రే అంటారు. బరువైన బస్తాని నేల మీద లాగి ఒక్కసారిగా వదిలినట్టు ఉంటుంది. పియానో వాద్యకారుడు, బృందనాయకుడు ఓస్వాల్దో పుగ్లియేసే 1946లో రికార్డు చేసిన ‘లా యుంబా’ వింటే ఇది చెవికి కాదు, ఏకంగా కడుపుకి తెలుస్తుంది. ఆ పేరు కూడా ఆ దరువు శబ్దం నుంచే వచ్చింది. ‘యుం’ దగ్గర బృందమంతా ఒరుగుతుంది, ‘బా’ దగ్గర తేలిపోతుంది.

దీనికి తోడు 3-3-2 అనే మరో నడక ఉంది. ఎనిమిది చిన్న మాత్రల్ని మూడు, మూడు, రెండుగా విడగొట్టడం. మన మృదంగం విన్న చెవికి ఇది కొత్తేమీ కాదు: తకిట, తకిట, తక. మిలోంగా అనే పాత లయలో దీని వేళ్లున్నాయి, దాన్ని తన సంతకంగా చేసుకున్నవాడు బాండోనియన్ వాద్యకారుడు, స్వరకర్త ఆస్తోర్ పియాసోలా.

డ్రమ్ము లేని లోటు తెలియకుండా ఉండటానికి వాద్యకారులు చేసిన పనులు ఇంకా ఆశ్చర్యంగా ఉంటాయి. వయొలిన్ తీగల్ని ఎత్తిపట్టే వంతెనకి అవతలి వైపున కమానుతో గీకితే కీచురాయి అరుపులాంటి గరగర వస్తుంది. దాని పేరే చిచార్రా, అంటే కీచురాయి. తీగ మీద వేలిని సర్రున పైకి జార్చి కొరడా ఝళిపించినట్టు చేసేది లాతిగో. తీగని గోటికి ఆనించి మీటి చిన్న డోలు శబ్దం తెచ్చేది తంబోర్. ఆఫ్రికన్ మూలాలున్న డబుల్ బాస్ కళాకారుడు లియోపోల్దో థాంప్సన్ తీగల్ని, వాద్యం ఒంటిని చేత్తో కొట్టి దరువు పుట్టించే పద్ధతి తెచ్చాడు. ఇవన్నీ 20వ శతాబ్దం తొలి సగంలోనే పాదుకున్నాయి. గరగరలు, కొరడా దెబ్బలు, తట్టుళ్లు: ఈనాటి ఎలక్ట్రానిక్ సంగీతకారుడు సాంపుల్స్ (రికార్డుల నుంచి కోసుకున్న శబ్దపు ముక్కలు) ఫోల్డర్లో పెట్టుకునే శబ్దాలు సరిగ్గా ఇవే. ఈ రెండు సంగీతాలకీ లోపల చుట్టరికం ఉన్న చోటు ఇదేనని గట్టిగా చెప్పవచ్చు. విచిత్రం ఏమిటంటే ఎలక్ట్రోటాంగో చేసినవాళ్లలో చాలామంది ఈ తలుపు తట్టనే లేదు, నేరుగా బాండోనియన్ దగ్గరికి వెళ్లిపోయారు.

వెళ్లడానికి కారణం ఉంది. బాండోనియన్ ఒక్క స్వరం పలికితే చాలు, ఎవరైనా టాంగో అని గుర్తుపడతారు. ఇది జర్మనీ నుంచి వచ్చిన వాద్యం, 1840లలో క్రెఫెల్డ్ పట్టణంలోని హైన్రిష్ బాండ్ పేరు మీద ప్రచారమైంది. గాలితిత్తి తెరుస్తూ మూస్తూ లోపలి లోహపు రీడ్లని పలికించడం దీని పద్ధతి. ఆ లెక్కన మన పద్యనాటకాల హార్మోనియానికి దూరపు బంధువే. కానీ ఒక పెద్ద తేడా ఉంది. హార్మోనియం మెట్టు ఒక్కటే స్వరం పలుకుతుంది. బాండోనియన్లో అదే బొత్తాం తిత్తి తెరిచేటప్పుడు ఒక స్వరం, మూసేటప్పుడు ఇంకో స్వరం పలుకుతుంది. అర్జెంటీనాలో వాడే రకానికి 71 బొత్తాలు, 142 స్వరాలు. అంటే వాయించేవాడు ఒకే రాగపు ముక్కకి రెండు వేళ్ల దారులు నేర్చుకోవాలి. తెరిచినప్పటి శబ్దం గట్టిగా, ధాటిగా ఉంటుంది, మూసినప్పటిది అణిగి ఉంటుంది. ఒక వాక్యం ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో ఆ తిత్తే నిర్ణయిస్తుంది. దెబ్బ నొక్కాల్సిన చోట వాద్యకారుడు మోకాలు పైకెత్తి వాద్యంతో సహా దించుతాడు.

ఇలాంటి వాద్యాన్ని నాలుగు సెకన్ల ముక్కగా కోసి లూప్‌లో తిప్పితే ఏమవుతుందో ఊహించవచ్చు. స్వరం మిగులుతుంది, ఊపిరి పోతుంది. నాలుగో సారి తిరిగేసరికి అది బాండోనియన్ ఫోటోలా ఉంటుంది.

అయినా కలపాలన్న తపన ఎందుకు పుట్టింది అన్నది అర్జెంటీనా చరిత్ర తెలిస్తేనే అర్థమవుతుంది. 1955లో అధ్యక్షుడు పెరోన్ ప్రభుత్వాన్ని సైన్యం కూల్చాక డాన్సు హాళ్ల వైభవం తగ్గుతూ వచ్చింది. అరవైల్లో కుర్రాళ్లు రాక్ వైపు వెళ్లారు. 1976 నుంచి 1983 వరకు సాగిన సైనిక నియంతృత్వంలో జనం గుమికూడటమే భయమైంది. అలా ఒక తరం మొత్తం టాంగోని తాతల సంగీతంగా, రేడియోలో మోగే పాత సామానుగా చూస్తూ పెరిగింది. ‘టాంగో అర్జెంతీనో’ ప్రదర్శన 1983లో పారిస్‌లో, 1985లో బ్రాడ్‌వేలో హిట్ అయ్యాక నాట్యం మళ్లీ లేచింది గానీ, సంగీతం చేసే కుర్రాళ్లకీ పాత బృందాలకీ మధ్య తాడు తెగే ఉంది. గురువు పక్కన కూర్చుని నేర్చుకునే అవకాశం లేనివాడికి మిగిలింది రికార్డులు. రికార్డుల నుంచి నేర్చుకునే తరానికి సాంప్లర్ సహజమైన వాద్యం. ఎలక్ట్రోటాంగోని ఫ్యాషన్ అని కొట్టిపారేసేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు.

యంత్రంతో మొదట తలపడింది మాత్రం పియాసోలానే. 1955లో ‘ఒక్తేతో బ్యూనస్ ఎయిర్స్’ అనే తన ఎనిమిదిమంది బృందంలోకి ఎలక్ట్రిక్ గిటార్ తెచ్చినందుకు పాతవాళ్లు మండిపడ్డారు. 1974లో ఇటలీలో ‘లిబెర్‌తాంగో’ రికార్డు చేశాడు. ఆ తర్వాత కొన్నాళ్లు సింథసైజర్, ఎలక్ట్రిక్ బాస్, డ్రమ్స్ ఉన్న ఎలక్ట్రానిక్ బృందం నడిపాడు. సింథసైజర్ దగ్గర ఆయన కొడుకు దానియెల్ ఉండేవాడు. కానీ 1978లో దాన్ని పక్కన పెట్టి మళ్లీ బాండోనియన్, వయొలిన్, పియానో, గిటార్, బాస్ ఉన్న ఐదుగురి బృందానికి తిరిగొచ్చేశాడు. ఆయన అత్యుత్తమ రికార్డింగుల్లో చాలా భాగం ఆ తర్వాత వచ్చినవే. డ్రమ్స్ పక్కన ఉంటే పియాసోలా 3-3-2 చదునైపోతుంది. ఆ ఎలక్ట్రానిక్ రికార్డులు ఇప్పుడు వింటే ఆ సంగతి స్పష్టంగా తెలుస్తుంది. లోపల దాక్కుని తోసే లయని పైకి తెచ్చి వేలు పెట్టి చూపించినట్టు అయింది.

ఇరవై ఏళ్ల తర్వాత పారిస్‌లో ముగ్గురు కలిశారు. ఫ్రాన్స్‌కి చెందిన ఫిలిప్ కోహెన్ సొలాల్, స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన క్రిస్టోఫ్ ముల్లర్, అర్జెంటీనా గిటారిస్టు ఎదువార్దో మాకారోఫ్. 1999లో పెట్టిన ఆ బృందం పేరు గోతాన్ ప్రాజెక్ట్. బ్యూనస్ ఎయిర్స్ వీధుల్లో మాటని తిరగేసి పలికే అలవాటు ఒకటుంది, ‘టాంగో’ని తిరగేస్తే ‘గోతాన్’. 2001లో వచ్చిన వాళ్ల తొలి ఆల్బమ్ ‘లా రెవాంచా దెల్ టాంగో’, అంటే టాంగో ప్రతీకారం, ఈ మొత్తం ధోరణికి ముఖచిత్రమైంది.

ఆ ఆల్బమ్ ఎందుకు పనిచేసింది? వాళ్లు ఎంచుకున్నది క్లబ్బుల్లో మోగే హౌస్ సంగీతపు హడావుడిని కాదు, ప్రధానంగా జమైకా నుంచి వచ్చిన డబ్ పద్ధతిని. డబ్‌లో బీట్ కన్నా బీట్‌ల మధ్య ఖాళీ ముఖ్యం. బాస్ ఒక మాట అని ఊరుకుంటుంది, ప్రతిధ్వని ఆ ఖాళీలోకి మెల్లగా ఆరిపోతుంది. బాండోనియన్ ఊపిరి తీసుకోవడానికి ఆ ఖాళీలో చోటు దొరికింది. పియానో దగ్గర గుస్తావో బేతెల్మాన్, బాండోనియన్ మీద నినీ ఫ్లోరెస్, గొంతు క్రిస్తీనా విలాయోంగాది. వీళ్లు ముక్కలు కోసి అతికించడానికి పనికొచ్చే శబ్దాలుగా కాక, వాక్యాలు పలికే మనుషులుగా వినిపిస్తారు. ‘సాంతా మారియా’ పాటలో బాండోనియన్ తాళానికి కాస్త వెనకబడి, కాస్త ముందుకు జరిగి ఆడుకుంటూ ఉంటుంది, కింద యంత్రం నిలకడగా పోతూ ఉంటుంది. ఆ ఇద్దరి మధ్య రాపిడే ఆ పాట రుచి. అదే ఆల్బమ్‌లో కొన్ని పాటలు లూప్ మీదే ఆధారపడి నడిచాయి, అవి ఇప్పుడు తేదీ దాటినట్టు అనిపిస్తాయి. 2006లో పాత తరం టాంగో గాయకుడు కార్లోస్ గార్దెల్ పందెపు గుర్రం పేరు పెట్టుకుని వచ్చిన ‘లూనాతికో’లో యంత్రం తగ్గి వాద్యాలు పెరిగాయి. తమ సొంత సూత్రంలోని లోపాన్ని వాళ్లే గుర్తించారనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇదే సమయంలో బ్యూనస్ ఎయిర్స్ కుప్పకూలుతోంది. 2001 డిసెంబర్ మొదట్లో ప్రభుత్వం బ్యాంకు ఖాతాల నుంచి వారానికి 250 పెసోలకి మించి నగదు తీయకూడదని కట్టడి పెట్టింది. జనం గిన్నెలు, మూకుళ్లు మోగిస్తూ వీధుల్లోకి వచ్చారు. డిసెంబర్ 20న అధ్యక్షుడు దె లా రూవా రాజీనామా చేసి హెలికాప్టర్‌లో వెళ్లిపోయాడు. మరుసటి నెలలో, డాలరుకి ఒకటిగా కట్టి ఉంచిన పెసో విలువ పడిపోయింది. చదువుకున్న కుర్రాళ్లు తాతలు వచ్చిన దారినే స్పెయిన్‌కి, ఇటలీకి తిరుగు ప్రయాణం కట్టారు. వలస వచ్చినవాళ్ల బెంగ నుంచి పుట్టిన టాంగోకి వలస పోయేవాళ్ల బెంగ తోడైంది. తాంగెట్టో బృందం 2003లో తెచ్చిన ఆల్బమ్ పేరు ‘ఎమిగ్రాంతె’, వలసపోయేవాడు. ఆ ఆల్బమ్‌కి పరిశీలించదగ్గ బలం సంగీతం కన్నా ఆ సందర్భంలోనే ఉంది.

బాహోఫోందో బృందం కథ వేరు. దీన్ని నడిపింది అర్జెంటీనా రాక్ నుంచి వచ్చిన గుస్తావో సాంతావోలాయా, ఉరుగ్వేకి చెందిన హువాన్ కాంపోదోనికో. 2002లో తొలి ఆల్బమ్. ఈ సాంతావోలాయానే ఆ తర్వాత సినిమా సంగీతానికి వరసగా రెండేళ్లు ఆస్కార్ అందుకున్నాడు. తాము చేసేది ఎలక్ట్రోటాంగో కాదని, లా ప్లాతా నది తీరపు నేటి సంగీతమని వీళ్లు పట్టుబట్టేవారు. ఆ పట్టుదల పేరు కోసం మాత్రమే కాదు. ఆ నదికి ఒక ఒడ్డున బ్యూనస్ ఎయిర్స్, ఇంకో ఒడ్డున ఉరుగ్వే రాజధాని మోంతెవిదెయో. టాంగో రెండు ఊళ్లదీ. 2009లో యునెస్కో దాన్ని సాంస్కృతిక వారసత్వంగా గుర్తించినప్పుడు కూడా రెండు దేశాల పేరు మీదే గుర్తించింది. ఆఫ్రికన్ సంతతివారి కాందోంబె డోళ్లు, గ్రామీణ మిలోంగా, రాక్, హిప్ హాప్ అన్నీ ఆ తీరానివే అని బాహోఫోందో వాదన. 2007 నాటి ‘మార్ దుల్సె’ ఆల్బమ్‌కి వచ్చేసరికి అది పూర్తిస్థాయి వాద్యబృందం అయింది. వేదిక మీద డ్రమ్మర్, వయొలిన్, బాండోనియన్, బాస్ అన్నీ మనుషులవే, కంప్యూటర్ వాళ్లలో ఒకటి. ‘పా బైలార్’ పాటలో వయొలిన్లు, బాండోనియన్ ఒకే మాటని గట్టిగా నొక్కి నొక్కి పలుకుతాయి. అది పాత మార్కాతోకి మనవడే. తాళాన్ని యంత్రం నుంచి తిరిగి వెనక్కి తీసుకోవడం అంటే అది.

మూడో దారి ఓత్రోస్ ఐరెస్‌ది. మిగెల్ దీ హేనోవా 2003లో బార్సిలోనాలో మొదలుపెట్టిన ఈ బృందం 20వ శతాబ్దం తొలి దశాబ్దాల రికార్డుల నుంచి ముక్కలు తీసుకుని వాటి చుట్టూ కొత్త పాటలు కట్టింది. ఇక్కడ పాత రికార్డు తన వయసుని దాచుకోదు. 78 ఆర్‌పీఎం ప్లేటు గరగర కూడా తాళంలో భాగమవుతుంది. పాత గొంతు ఎక్కడో దూరపు గదిలోంచి వస్తున్నట్టు, కొత్త గొంతు దానికి జవాబు చెబుతున్నట్టు ఉంటుంది. కోల్పోయిన తాతతో మాట్లాడుతున్నట్టు ఉండే ఈ పద్ధతి, తాడు తెగిన ఆ తరం పరిస్థితిని మిగతావాటికన్నా నిజాయితీగా చెబుతుంది.

ఇక్కడ స్టూడియో పని గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే చాలా పాటలు చెడేది అక్కడే. వేగం విషయంలో రెండిటికీ పేచీ లేదు. పాత టాంగోలో నడక అడుగుల్ని లెక్కపెడితే నిమిషానికి ఇంచుమించు 60 నుంచి 68 వరకు వస్తాయి. రెట్టింపు చేస్తే 120 నుంచి 136. హౌస్ సంగీతం కూడా 120-130 దగ్గరే తిరుగుతుంది. అందుకే కలపడం తేలిక అనిపిస్తుంది. కానీ పుగ్లియేసే రికార్డుని కంప్యూటర్లో పెట్టి సమాన దూరంలో తాళపు గీతలు గీస్తే ఒక్క దెబ్బా గీత మీద ఉండదు. వాక్యం చివర బృందమంతా నెమ్మదిస్తుంది, మళ్లీ ఎత్తుకుంటుంది. సాఫ్ట్‌వేర్‌కి అది తప్పుగా కనిపిస్తుంది, ఒక్క నొక్కుతో సరిచేసేస్తుంది. సరిచేసిన క్షణంలో టాంగో అందులోంచి లేచి వెళ్లిపోతుంది.

ఇంకో అలవాటు కూడా ఉంది. డాన్సు సంగీతంలో కిక్ డ్రమ్ అనే బరువైన డ్రమ్ము దెబ్బ మోగినప్పుడల్లా మిగతా శబ్దాలు ఒక్క క్షణం అణిగి మళ్లీ లేచేలా చేస్తారు. దాంతో పాట మొత్తం ఊపిరి పీలుస్తున్నట్టు ఉంటుంది. సింథసైజర్ మీద ఇది బాగుంటుంది. బాండోనియన్ మీద పెడితే మాత్రం, తనకంటూ ఊపిరి ఉన్న వాద్యానికి కిక్ డ్రమ్ ఊపిరి అంటగట్టినట్టే. మంచి పనివాళ్లు ఇందుకు ఎదురుగా చేస్తారు: బాండోనియన్‌ని ముందు స్వేచ్ఛగా రికార్డు చేసి, ఆ ఒరుగుళ్లకి తగ్గట్టు యంత్రాన్ని జరుపుతారు. పని ఎక్కువ. వినేవాడికి కారణం తెలియకపోయినా తేడా తెలుస్తుంది. బతుకమ్మ పాటల మీద డీజే బీట్ ఎక్కించినప్పుడు చప్పట్ల అడుగు ఎక్కడ నిలిచిందో, ఎక్కడ నలిగిందో విన్నవాళ్లకి ఇది వివరించక్కర్లేదు.

చివరి పరీక్ష మిలోంగాలో జరుగుతుంది. మిలోంగా అంటే లయ పేరే కాదు, టాంగో ఆడేవాళ్లు కలుసుకునే సభ కూడా. అక్కడ డీజే మూడు నాలుగు పాటల్ని ఒక గుత్తిగా, తాందాగా వేస్తాడు. ఒక తాందాలో సాధారణంగా ఒకే బృందం పాటలు ఉంటాయి. జంట ఆ పది పన్నెండు నిమిషాలు కలిసి ఆడుతుంది. పాత పాట మూడు నిమిషాల్లో రెండు మూడు భాగాలుగా స్పష్టంగా నడుస్తుంది, చివర ‘చాన్, చాన్’ అని రెండు దెబ్బలతో ముగుస్తుంది, జంట దానితోపాటే ఆగుతుంది. మధ్యలో వయొలిన్‌ని పట్టుకుని సాగదీయవచ్చు, బాస్‌ని పట్టుకుని నడవవచ్చు, ఏమీ చేయకుండా నిలబడవచ్చు. టాంగోలో నిలబడటం కూడా నాట్యమే. ఆరు నిమిషాలు తెగకుండా కొట్టే కిక్ డ్రమ్ ముందు ఆగితే అడుగు తప్పినట్టే కనిపిస్తుంది. చివరికి పాట వాల్యూమ్ తగ్గుతూ మాయమైతే ఎక్కడ ఆగాలో ఎవరికీ తెలియదు. బ్యూనస్ ఎయిర్స్ సంప్రదాయ మిలోంగాలు ఎలక్ట్రోటాంగోని దూరం పెట్టడాన్ని ఛాందసం అనడం పొరపాటు. అది అనుభవం మీద వచ్చిన నిర్ణయం.

అలాగని నాట్యానికి లాభమే లేదనలేం. కార్లోస్ లిబెదిన్‌స్కీ నార్కోతాంగో పేరుతో 2003 నుంచి చేసిన పాటలు ఆడేవాళ్లని దృష్టిలో పెట్టుకునే కట్టినవి. వాటిలో బీట్ ఉంటుంది గానీ వెనక్కి తగ్గి ఉంటుంది. గుస్తావో నవేయ్‌రా, ఫాబియాన్ సాలాస్, చిచో ఫ్రుంబోలి లాంటివాళ్లు అప్పటికే కౌగిలిని సడలించి, ఒరుగుళ్లూ తిరుగుళ్లూ పెంచి కొత్త కదలికలు వెతుకుతున్నారు. ఆ కదలికలకి ఈ ఖాళీ ఖాళీ సంగీతం సరిపోయింది. యూరప్, అమెరికా నగరాల్లో ఎంతోమంది టాంగో బడిలోకి అడుగు పెట్టింది గోతాన్ పాట విని. లోపలికి వచ్చాక వాళ్లలో చాలామంది స్వర్ణయుగపు బృందనాయకులు దీ సార్లీ దగ్గర, త్రోయిలో దగ్గర ఆగిపోయారు.

సంగీతకారుల విషయంలోనూ దాదాపు ఇదే జరిగింది. 2000లో బ్యూనస్ ఎయిర్స్‌లో మొదలైన ఓర్కెస్తా ఎస్క్వేలా అనే శిక్షణ బృందంలో ఎమిలియో బాల్కార్సే లాంటి పెద్దలు కుర్రాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని, నోటేషన్‌లో రాయని అర్రాస్త్రే, చిచార్రా ఎలా వాయించాలో చేతులతో చూపించారు. యంత్రం ఊళ్లోకి వచ్చిన ఏళ్లలోనే తెగిన తాడుని ముడివేసే పని కూడా నడిచింది. ఓర్కెస్తా తీపికా ఫెర్నాందెస్ ఫియెర్రో ఆ తరానిదే. పొడుగు జుట్టు కుర్రాళ్లు, రాక్ బృందం తీరు, అబాస్తో పేటలో సొంతంగా నడుపుకునే వేదిక. నలుగురు బాండోనియన్‌వాళ్లు వరసగా కూర్చుని ఒక్కసారిగా మోకాళ్లు దించితే ఆ దెబ్బ ఏ సబ్‌వూఫర్‌కీ తీసిపోదు. పుగ్లియేసే ‘యుం’ అందులో ఉంటుంది, తొంభైల నాటి ఆంప్లిఫయర్ల హోరు కూడా ఉంటుంది. వేదిక మీద డ్రమ్ము మాత్రం లేదు.